మేనబావ సంబంధం, అమ్మాయికి థలసేమియా మైనర్: ముందు అబ్బాయికి పరీక్ష

మీ చెల్లెలికి థలసేమియా మైనర్ అని రిపోర్టు వచ్చింది, మేనబావ వాళ్లకు చెప్పాలా వద్దా అని అడిగారు. చెప్పండి, అదీ తాంబూలాలకు ముందే. మైనర్ అంటే రోగం కాదు, హిమోగ్లోబిన్ (రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం) తయారీలో లోపం ఉన్న జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చిందని అర్థం. అమ్మాయి అందరిలాగే బతుకుతుంది. మా అక్కకీ ఇదే ఉంది, కానీ రక్తహీనత అనుకుని ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలే వాడించారు.

ఇప్పుడు తేలాల్సింది అబ్బాయి సంగతి. ఆయన కూడా మైనర్ అయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ లోపం ఇద్దరి నుంచీ వచ్చి థలసేమియా మేజర్, అంటే అసలు జబ్బు, వచ్చే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డ బాగున్నా రెండోసారీ అదే లెక్క. మేజర్ పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, అలా ఎక్కించడం వల్ల ఒంట్లో పేరుకున్న ఐరన్ తగ్గడానికి మందులూ వాడాలి. మేనరికంలో ఒకే లోపం ఇద్దరికీ వచ్చి ఉండే అవకాశం బయటి సంబంధం కంటే ఎక్కువ, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆయనకు సీబీసీ (రక్తకణాల లెక్క), హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచేది) పరీక్షలు చేయించండి. అందులో హిమోగ్లోబిన్ ఏ2 అనే రకం 3.5 శాతం దాటితే సాధారణంగా మైనర్ అంటారు. ఐరన్ లోపం ఉంటే ఆ అంకె తక్కువగా కనిపించవచ్చు, కాబట్టి రిపోర్టు హెమటాలజిస్టుకే (రక్త సంబంధ జబ్బుల డాక్టరుకే) చూపించండి. హైదరాబాద్‌లోని థలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీలోనూ అడగవచ్చు.

ఇద్దరూ మైనర్ అయినా పెళ్లికే సిద్ధపడితే, గర్భం వచ్చాక 10-12 వారాల మధ్య బిడ్డకు ఉందో లేదో పరీక్షలో తెలుస్తుంది. మీరూ పరీక్ష చేయించుకోండి. తోబుట్టువులు కదా, మీకూ ఉండే అవకాశం కనీసం సగం.