అక్షరాలు వచ్చినా మూడో తరగతి పిల్లలు తెలుగు చదవలేకపోతే ఏం చేయాలి?

ముందు ఒక పరీక్ష పెట్టండి. పాఠం మధ్యలో ఒక వాక్యం మీద వేలు పెట్టి చదవమనండి. మొదటి నుంచి గడగడా అప్పజెప్పిన పిల్లవాడు అక్కడ ఆగిపోతే, అది చదవడం కాదు, కంఠస్థం చేయడం.

చిక్కు ఎక్కువగా గుణింతాలు, ఒత్తుల దగ్గరే ఉంటుంది. వర్ణమాల మొత్తం పూర్తయ్యేదాకా పదాల జోలికి వెళ్లని పాత పద్ధతి నాకు సరైనదనిపించదు. నాలుగైదు అక్షరాలు రాగానే తల, వల, కల చదివించవచ్చు. తర్వాత ఒక్కో గుర్తు చేర్చండి: కలం, కాలం, కీలు, కూలి. ప, వ, ష పక్కపక్కన రాసి తేడా చూపించండి. త, మ, య, ర ఒత్తులు అసలు అక్షరాల్లా ఉండవు కాబట్టి విడిగా నేర్పాల్సిందే.

బడిలో, పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చాలా కాలంగా చేస్తున్నట్లు, రోజులో కొంతసేపు తరగతిని బట్టి కాక చదవగలిగే స్థాయిని బట్టి పిల్లలను జట్లుగా కూర్చోబెట్టాలి. ఐదో తరగతి పిల్లవాడు పదాల దగ్గరే ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇంట్లో రోజూ పావుగంట చాలు. చదువు రాని అమ్మ కూడా కథ చదివించుకుని, "తర్వాత ఏమైంది?" అని అడగవచ్చు. తప్పు చదివితే వెంటనే అందించకండి, కూడబలుక్కోనివ్వండి. పుస్తకాలు కొనలేకపోతే స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. మొదటి స్థాయి కథల్లో పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి.