పచ్చడి కలిపే డ్రమ్ములో అతుకు దగ్గర తుప్పు: సమాధానం

మీ 304 స్టెయిన్‌లెస్ డ్రమ్ము అంతా బాగుండి, వెల్డింగ్ అతుకు వెంట మాత్రమే తుప్పు వస్తోందంటే షీటు నకిలీదని అనుమానించక్కర్లేదండి. వెల్డింగ్ వేడికి అతుకు పక్కన, తుప్పు పట్టకుండా కాపాడే క్రోమియం తగ్గుతుంది. లోపలివైపు గాలి తగిలి నల్లగా, గరుకుగా మాడుతుంది. ఆవకాయ ఉప్పూ పులుపూ ముందు తినేది అక్కడే.

ఆ అతుకు కోసేసి టిగ్ వెల్డింగ్ (టంగ్‌స్టన్ కడ్డీతో, గాలి తగలకుండా గ్యాస్ కప్పి చేసేది) చేయించండి. 1940ల మొదట్లో అమెరికాలోని నార్త్‌రాప్ విమాన కంపెనీలో రస్సెల్ మెరిడిత్ మెగ్నీషియం అతకడానికి హీలియంతో రూపొందించిన పద్ధతి ఇది. ఇప్పుడు ఎక్కువగా ఆర్గాన్ గ్యాస్ వాడుతున్నారు. అసలు కిటుకు ఏమిటంటే, డ్రమ్ము లోపలివైపు కూడా ఆర్గాన్ పట్టాలి. గ్యాస్ ఖర్చని చాలామంది ఇది ఎగ్గొడతారు, దగ్గరుండి చేయించుకోండి. అతుకులో కరిగించి నింపే ఫిల్లర్ రాడ్డు 308ఎల్ రకం అయితే సరిపోతుంది. మామూలు ఇనుము అరగదీసిన గ్రైండింగ్ చక్రాన్ని దీనికి తాకనివ్వొద్దు, అంటుకున్న ఆ ఇనుప రజనే తుప్పు పడుతుంది. చివర్లో పిక్లింగ్ పేస్టు (పచ్చడిది కాదు, మాడిన పొరను తీసేసే ఆమ్లపు పేస్టు) పూయించి, నీళ్లతో బాగా కడిగించండి. అందులో సాధారణంగా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది, సరైన గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ఎవరినీ ముట్టుకోనివ్వకండి.

కొత్త డ్రమ్ము కొంటే మాత్రం 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ అడగండి. ధర ఎక్కువే, కానీ అందులో మాలిబ్డినం ఉండడం వల్ల ఉప్పును బాగా తట్టుకుంటుంది.