నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్‌లో ముందుగా ఏ పదాలు తెలియాలి?

హైదరాబాద్‌లో నర్సింగ్ పూర్తిచేసి, అంతా కంప్యూటర్ మీదే నడిచే ఆసుపత్రిలో చేరబోయే వాళ్లు అడిగే ప్రశ్న ఇది. నర్సింగ్ పనిలో సమాచారాన్ని కంప్యూటర్ల సాయంతో నమోదు చేసి వాడుకునే శాస్త్రమే నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్.

మొదట పట్టుకోవాల్సింది డేటా, సమాచారం, జ్ఞానం మధ్య తేడా. 1989లో పరిశోధకులు గ్రేవ్స్, కోర్కోరన్ ఈ శాస్త్రాన్ని ఈ మూడింటి మీదే నిర్వచించారు. నాడి 118 అన్నది డేటా. పొద్దున 84, మధ్యాహ్నం 96, ఇప్పుడు 118, బీపీ 92/60 అని వరుసగా కనిపిస్తే సమాచారం. ఆపరేషన్ అయిన మనిషికి లోపల రక్తస్రావం అవుతోందేమోనని అనుమానించి డ్యూటీ డాక్టర్‌ని పిలిపించేది జ్ఞానం. అందుకే రీడింగ్ తీసిన వెంటనే కంప్యూటర్‌లో ఎక్కించండి. షిఫ్టు చివర్లో అన్నీ కలిపి కొడితే ఆ వరుసే చెడిపోతుంది.

ఈఎంఆర్ (ఎలక్ట్రానిక్ మెడికల్ రికార్డు) ఒక ఆసుపత్రి లోపలి రోగి రికార్డు. ఈహెచ్ఆర్ (ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డు) ఆసుపత్రుల మధ్య పంచుకునేది. యూహెచ్ఐడీ రోగికి ఆసుపత్రి ఇచ్చే నంబరు. ఆభా (ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్) 14 అంకెల జాతీయ ఆరోగ్య నంబరు. ఒకదాని చోట ఇంకోటి కొట్టకండి. లాయింక్ ల్యాబ్ పరీక్షలకు, స్నోమెడ్ సీటీ రోగనిర్ధారణలు, లక్షణాల వంటి వాటికి అన్ని ఆసుపత్రులూ ఒకేలా వాడుకునే ఉమ్మడి కోడ్‌లు.

ఇక మందు ఇచ్చేటప్పుడు వాడే బార్‌కోడ్. రోగి పేరు అడగాలి, చేతి పట్టీ స్కాన్ చేయాలి, తర్వాత మందు స్కాన్ చేయాలి, మోతాదు, మార్గం, వేళ సరిచూడాలి, ఇచ్చాకే నమోదు చేయాలి. పట్టీ తడిసి స్కాన్ కాకపోతే కొందరు ఆ పట్టీ బార్‌కోడ్ నకలు స్టిక్కర్‌ని నర్సింగ్ స్టేషన్‌లో అంటించుకుని దాన్నే స్కాన్ చేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు: మందు పక్క బెడ్‌కి వెళ్లినా తెర మీద పచ్చగుర్తే వస్తుంది. కొత్త పట్టీ ప్రింట్ తీయించండి.