గాల్‌బ్లాడర్ ఆపరేషన్, ఇన్ఫెక్షన్ భయం: మా అమ్మకు జరిగింది, మీరు అడగాల్సినవి

మీ అమ్మగారికి గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, పైగా షుగర్. నొప్పి మళ్లీ మళ్లీ వస్తోందని గుంటూరులో ల్యాప్రోస్కోపీ, అంటే చిన్న కన్నాలు పెట్టి చేసే ఆపరేషన్, చేయించమన్నారు. ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్లు అంటుకుంటాయని, పొరపాట్లు జరుగుతాయని విని భయం వేస్తోంది, కొన్నాళ్లు ఆగితే మంచిదా, చేయిస్తే ఏమేం చూసుకోవాలి అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. మా ఇంట్లో ఇదే ఆపరేషన్ తర్వాత ఇన్ఫెక్షన్‌తో చాలాకాలం అవస్థ పడ్డాం, అందుకే రాస్తున్నాను.

ముందు ఆగడం సంగతి. రాళ్లున్నా నొప్పి లేనివాళ్లలో చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. మీ అమ్మగారి పరిస్థితి అది కాదు. నొప్పి వస్తున్నప్పుడు వదిలేస్తే రాయి జారి పిత్తనాళంలో ఇరుక్కుని కామెర్లు రావచ్చు, పాంక్రియాస్ (క్లోమగ్రంథి) వాచిపోవచ్చు. అప్పుడు అర్ధరాత్రి ఎమర్జెన్సీలో, షుగర్ ఎంతుందో చూసుకునే తీరిక కూడా లేకుండా, దొరికిన చోట చేయించుకోవాలి. ఇన్ఫెక్షన్లు ఎక్కువగా వచ్చేది అలాంటప్పుడే. షుగర్ అదుపులోకి రావడం కోసమైతే డాక్టర్‌కు చెప్పి కొన్ని వారాలు ఆగండి. భయంతో మాత్రం ఆగకండి.

అలాగని మీ భయం ఉత్తదేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో ధనిక దేశాల్లో 7 మందికి, మనలాంటి దేశాల్లో 15 మందికి అక్కడే కనీసం ఒక ఇన్ఫెక్షన్ సోకుతోంది. అన్ని రకాల రోగులనూ కలిపి చెప్పిన లెక్క అది. ల్యాప్రోస్కోపీలో కోత చిన్నది కాబట్టి ప్రమాదం తక్కువే. మాకు మాత్రం ఆ తక్కువలోనే వచ్చింది.

మా అమ్మకు విజయవాడలో చేశారు. సర్జన్ పేరున్న మనిషి, హస్తవాసి మంచిదని బంధువులంతా చెప్పినవారే. ఆపరేషన్‌లో ఏ లోపమూ లేదు. మర్నాడు లేచి నడిచింది, ఇడ్లీ తింది, ఇంటికొచ్చేసింది. కుట్లు కూడా శుభ్రంగా మానాయి. నెల దాటాక బొడ్డు దగ్గర కన్నం పెట్టిన చోట చర్మం కింద చిన్న గడ్డ చేతికి తగిలింది. నొప్పి పెద్దగా లేదు, జ్వరం లేదు. కొన్నాళ్లకు అది ఎర్రబడి, పగిలి, పల్చటి రసి కారడం మొదలైంది. వెళితే డ్రెస్సింగ్ చేసి యాంటీబయాటిక్ రాశారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. ఇంకో రకం మందు, మళ్లీ డ్రెస్సింగ్. షుగర్ వల్ల మానడం లేదన్నారు, కుట్టు దారం పడలేదన్నారు, తడి తగలనిచ్చారా అని అమ్మనే అడిగారు. ఆ మాట ఆవిడను చాలా బాధపెట్టింది. తన ఒంట్లోనే ఏదో దోషం ఉందని నమ్మేసింది.

చివరికి వేరే ఆసుపత్రిలో ఒక సర్జన్ ఆ రసిని, కొద్దిగా కండను తీసి కల్చర్‌కు, అంటే ఏ క్రిమో ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకు, పంపారు. మామూలు కల్చర్‌తో పాటు టీబీ జాతి సూక్ష్మజీవుల కోసం కూడా చూడమని ప్రత్యేకంగా రాశారు. అందులో తేలింది. టీబీ కాదు గానీ ఆ కుటుంబానికే చెందిన నాన్ ట్యూబర్‌క్యులస్ మైకోబ్యాక్టీరియా. ఆ గడ్డను కోసి తీశారు, నెలల తరబడి క్లారిత్రోమైసిన్, దాంతో పాటు ఇంకో మందు వాడారు. పూర్తిగా మానింది. ఇప్పుడు ఆవిడ బాగున్నారు.

ఎలా వచ్చింది అని అడిగితే ఆ డాక్టర్ ఓపిగ్గా చెప్పారు. ఈ జీవులు మట్టిలో, నీళ్లలో, కుళాయి నీళ్లలో కూడా ఉంటాయి. ల్యాప్రోస్కోపీ పరికరాలు పొడుగ్గా, సన్నటి గొట్టాలతో, కీళ్లతో ఉంటాయి. కొన్ని పరికరాలు వేడి ఆవిరికి తట్టుకోవు. అందుకని ఒక ఆపరేషన్‌కూ ఇంకోదానికీ మధ్య గ్లూటరాల్డిహైడ్ అనే క్రిములను చంపే ద్రావణంలో ముంచి తీసే అలవాటు చాలాచోట్ల ఉంది. 2 శాతం ద్రావణంలో 20 నిమిషాలు ఉంచితే చాలా రకాల క్రిములు చస్తాయి, అన్నీ చావాలంటే దాదాపు 10 గంటలు పడుతుంది. పరికరాన్ని విప్పి, కీళ్లలో ఇరుక్కున్న రక్తాన్ని, కండ తుంపుల్ని తోమకుండా ముంచితే ద్రావణం లోపలికి వెళ్లనే వెళ్లదు. ముంచి తీశాక మళ్లీ కుళాయి నీళ్లతో కడిగితే చేసిన పనంతా వృథా. మన దేశంలో ఇలాంటి కేసులు వైద్య పత్రికల్లో చాలానే వచ్చాయి. లక్షణాలు కూడా అమ్మకు వచ్చినవే: మూడు నాలుగు వారాలు దాటాక గడ్డ, రసి, మామూలు మందులకు లొంగకపోవడం.

అప్పటి నుంచి ఒక విషయం గట్టిగా నమ్ముతున్నాను. ఆపరేషన్ అనగానే మనవాళ్లంతా సర్జన్ ఎవరని వాకబు చేస్తారు. ఇన్ఫెక్షన్ వచ్చేదీ రానిదీ చాలావరకు మనం పేరు కూడా అడగని మనుషుల చేతుల్లో ఉంటుంది. పరికరాలు కడిగే టెక్నీషియన్, డ్రెస్సింగ్ మార్చే నర్సు, సెలైన్ ఎక్కించే అమ్మాయి, నేల తుడిచే ఆయమ్మ. వాళ్లకు పని నేర్పి, కావాల్సిన సామానిచ్చి, తొందరపెట్టకుండా చేయనిచ్చే ఆసుపత్రి ఏదో కనుక్కోవాలి.

ఎలా కనుక్కోవాలంటే అడగడమే. తర్వాత మా బాబాయికి గుంటూరు కొత్తపేటలో హెర్నియా ఆపరేషన్ అవసరమైనప్పుడు మేం ముందుగానే వెళ్లి అడిగాం: ల్యాప్రోస్కోపీ పరికరాలు ఎలా స్టెరిలైజ్ చేస్తారు? ఆటోక్లేవా (వేడి ఆవిరి), ఈటీఓ గ్యాసా, ప్లాస్మానా (ఈ రెండూ వేడికి తట్టుకోని పరికరాలకు), లేక ద్రావణంలో ముంచడమేనా? రోజుకు ఎన్ని కేసులు, ఎన్ని సెట్ల పరికరాలు? ఈ చివరి ప్రశ్న ముఖ్యం. ఒకే సెట్టుతో పొద్దున్నుంచి వరుసగా కేసులు చేస్తుంటే మధ్యలో సరిగ్గా స్టెరిలైజ్ చేసే వ్యవధే ఉండదు. ఒకచోట రిసెప్షన్‌లోనే విసుక్కున్నారు, అక్కడ చేర్చలేదు. ఇంకోచోట సర్జన్ నవ్వి ఓటీ (ఆపరేషన్ థియేటర్) ఇన్‌చార్జ్ సిస్టర్‌ను పిలిపించారు. ఆవిడ పరికరాల ప్యాకెట్ తెచ్చి, ఆవిరిలో ఉడికాక రంగు మారే టేపు గీతల్ని కూడా చూపించారు. అక్కడే చేయించాం. మొదటి కేసుగా పెట్టగలరా అని అడిగితే దానికీ ఒప్పుకున్నారు.

ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించి ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉందేమో కూడా చూడండి. ఉంటే ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ, దాని రికార్డులు ఉండి తీరాలి. గుర్తింపు లేని చిన్న నర్సింగ్ హోముల్లో కూడా నిష్ఠగా చేసేవాళ్లున్నారు కాబట్టి దాన్నొక్కదాన్నే పట్టుకోవద్దు. ఆరోగ్యశ్రీలో, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవలో చేయిస్తున్నా ఈ ప్రశ్నలు నిస్సంకోచంగా అడగండి.

మీ వైపు నుంచి చేయగలిగినదాంట్లో అన్నిటికన్నా పెద్దది షుగర్. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష (హెచ్‌బీఏ1సీ) ఇప్పుడే చేయించండి. ఆపరేషన్ సమయంలో షుగర్ 200 దాటకుండా చూడాలని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇంట్లో ఎవరైనా పొగతాగేవాళ్లకు ఆపరేషన్ ఉంటే నాలుగు వారాల ముందే మాన్పించాలి. మోకాళ్ల నొప్పులకని ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే మాత్రలు మీ అమ్మగారు వాడుతుంటే తప్పకుండా చెప్పండి, వాటిలో స్టెరాయిడ్ ఉండొచ్చు. రక్తం పలచబడే మాత్రలు, ఏ ఇంజెక్షన్‌కైనా గతంలో దద్దుర్లు వచ్చిన సంగతి కాగితం మీద రాసి కేస్ షీట్‌లో పెట్టించండి.

ముందు రోజు రాత్రి బ్లేడుతో పొట్టంతా గీయడం మన దగ్గర ఇంకా కొన్నిచోట్ల ఉంది. వద్దనండి. బ్లేడుతో కంటికి కనపడని గాట్లు పడి వాటిలో క్రిములు చేరతాయి. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో రేజర్ వాడొద్దని, తప్పనిసరైతే క్లిప్పర్‌తో కత్తిరించమని స్పష్టంగా ఉంది. సబ్బుతో శుభ్రంగా స్నానం చేయించి, బొడ్డులో మట్టి లేకుండా తుడిస్తే చాలు. యాంటీబయాటిక్ ఇవ్వాల్సిన కేసైతే కోతకు ముందు రెండు గంటల లోపే ఇవ్వాలని, ఆపరేషన్ అయ్యాక ముందుజాగ్రత్త పేరుతో కొనసాగించొద్దని కూడా అదే పత్రంలో ఉంది. డిశ్చార్జ్ చీటీలో రోజుల తరబడి వాడమని యాంటీబయాటిక్ ఉంటే ఎందుకో అడగండి. మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి.

ఇక పొరపాట్లు. వేరే మనిషికి, వేరే వైపు ఆపరేషన్ చేయడం, రక్తం అద్దే గుడ్డ కడుపు లోపల వదిలేయడం లాంటివి పేపర్లో చదువుతుంటాం. వీటికి 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాల సేఫ్టీ చెక్‌లిస్ట్ తెచ్చింది. మత్తు ఇచ్చే ముందు, కోతకు ముందు, రోగిని ఓటీ నుంచి పంపే ముందు అందరూ ఆగి పైకి చదివి సరిచూసుకోవాలి. పేరు, ఏ ఆపరేషన్, ఎలర్జీలు, గుడ్డల లెక్క, సూదుల లెక్క, అన్నీ. ఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. ఒక కాగితంతో అంత తేడా వచ్చిందంటే అది వాడని ఓటీని ఎందుకు ఎంచుకోవాలి? మా బాబాయికి ఏ వైపు హెర్నియానో సర్జన్ స్వయంగా పెన్నుతో గుర్తు పెట్టారు, బాబాయి మెలకువగా ఉన్నప్పుడే.

సంతకం పెట్టే కాగితం కూడా చదవండి. గాల్‌బ్లాడర్‌లో వాపు ఎక్కువుంటే మధ్యలో కన్నాల పద్ధతి ఆపి పొట్ట కోయాల్సి రావచ్చు. అది తప్పు కాదు, పిత్తనాళం తెగకుండా తీసుకునే జాగ్రత్త. ఆ మాట ముందే చెప్పే సర్జన్ మీద నాకు నమ్మకం ఎక్కువ. ఒప్పుకున్నదానికి మించి ఇంకేదైనా చేయాలంటే, ప్రాణాపాయం ఉంటే తప్ప, మళ్లీ అనుమతి తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లి కేసులో చెప్పింది.

వార్డులో ఒక మనిషి ఎప్పుడూ దగ్గరుండండి. ప్రతి ఇంజెక్షన్‌కూ ముందు పేరు చెప్పి, ఏ మందో అడగండి. మన జిల్లాల్లో ఒకే వార్డులో ఇద్దరు వెంకటేశ్వరరావులు, ఇద్దరు నాగమణులు ఉండటం మామూలే, చేతికి కట్టిన పట్టీ చూడమనండి. ముట్టుకునే ముందు శానిటైజర్ రాసుకోమని చెప్పడానికి మొహమాటపడకండి. చేతులు కడుక్కోమంటే డాక్టర్లకు నచ్చకపోవడం కొత్తేమీ కాదు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించి బాలింతల మరణాలు తగ్గించి చూపినా తోటి డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. 'సిస్టర్, ఒక్కసారి చేతులు' అని మెల్లగా అంటే మాకు ఎవరూ కోప్పడలేదు. యూరిన్ పైపు, సెలైన్ సూది ఇంకా అవసరమా అని రోజూ రౌండ్స్‌లో అడగండి, అవి ఉన్నన్నాళ్లూ క్రిములకు దారి ఉన్నట్టే. చూడ్డానికొచ్చే చుట్టాలను మంచం మీద కూర్చోనివ్వకండి. బత్తాయిలు తెచ్చిన పెద్దవాళ్లను కాదనడం కష్టమే, అయినా బయటే కూర్చోబెట్టి మాట్లాడి పంపండి.

ఇంటికొచ్చాక కుట్లు మానాయని కేసు ముగిసిందనుకోవద్దు. జ్వరం, కళ్లు పచ్చబడటం, పెరుగుతున్న కడుపునొప్పి, చీము ఉంటే ఆ రోజే వెళ్లండి. రెండు మూడు నెలల వరకూ కన్నాలు పెట్టిన చోట్లను స్నానం చేసేటప్పుడు వేలితో తడిమి చూడమని అమ్మగారికి చెప్పండి. గడ్డ తగిలినా, రసి కారినా, ఇంకో యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే కల్చర్ చేయించమని అడగండి. ఆలస్యంగా వచ్చిన ఇన్ఫెక్షన్ అయితే మైకోబ్యాక్టీరియా కల్చర్ కూడా చేయమని ఆ పేరుతోనే అడగండి. ఆ ఒక్క పరీక్ష ముందే జరిగుంటే అమ్మకు చాలా బాధ తప్పేది.

కాగితాలన్నీ దాచండి. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం రోగి గానీ తరఫువాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. వైద్యసేవలు కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి నిజంగా నిర్లక్ష్యం జరిగితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఇన్ఫెక్షన్ వచ్చినంత మాత్రాన నిర్లక్ష్యమని రుజువైనట్టు కాదు, మేమూ వెళ్లలేదు. కానీ కోర్టు కోసం కాకపోయినా రికార్డులు కావాలి. డిశ్చార్జ్ సమ్మరీతో సరిపెట్టుకోకుండా ఆపరేషన్ నోట్స్, అనస్తీషియా చార్టు, ల్యాబ్ రిపోర్టులు కూడా రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. అమ్మ విషయంలో రెండో సర్జన్ మొట్టమొదట అడిగింది ఆ ఆపరేషన్ నోట్సే.