డార్మ్‌ష్టాట్‌లో చుక్కకూర పప్పు

(మిర్యాలగూడ నుంచి జర్మనీ వెళ్ళి డార్మ్‌ష్టాట్‌లో ఎమ్మెస్ చదువుతూ, అక్కడి ‘టాఫెల్’ ఆహార పంపిణీ కేంద్రంలో స్వచ్ఛందంగా పనిచేస్తున్న విద్యార్థిని ఈసారి పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తున్నారు.)

అమ్మా, మా అమ్మాయి అక్టోబరులో జర్మనీ వెళ్తోంది. మేం పూర్తి శాకాహారులం. అక్కడ ఏం తింటుందోనని నాకు ఇప్పటి నుంచే నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, విజయవాడ

ఆంటీ, నమస్తే. కూరగాయలకీ పాలకీ పప్పులకీ అక్కడ కొదవ లేదు. మన నూల్‌కోల్ దాదాపు ఏ సూపర్‌మార్కెట్‌లో చూసినా ఉంటుంది. ఎర్రగా ఉండే మైసూరు పప్పు కూడా అక్కడే దొరుకుతుంది, కందిపప్పు కోసం మాత్రం ఆసియా దుకాణానికి వెళ్ళాలి. క్వార్క్ అని డబ్బాల్లో అమ్ముతారు, గుడ్డలో కట్టి నీళ్ళు వంచేసిన పెరుగులా చిక్కగా ఉంటుంది. అందులో ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లికాడలు కలుపుకుని ఉడికించిన బంగాళాదుంపతో తింటారు. చలికాలం రాత్రి నా భోజనం చాలాసార్లు అదే.

జాగ్రత్త పడాల్సింది కంటికి కనిపించని మాంసం విషయంలో. నేను కోడి, చేప తింటాను కానీ పంది, గొడ్డు మాంసం ముట్టను, అందుకే ఇది నాకు బాగా అలవాటైంది. బంగాళాదుంప సలాడ్‌లోనూ బీన్స్ వంటకాల్లోనూ ‘ష్పెక్’ అనే పంది మాంసాన్ని సన్నగా తరిగి వేస్తుంటారు. పప్పు సూప్‌లో సాసేజ్ వేయడం మామూలు. జెల్లీ మిఠాయిల్లో, కొన్ని పెరుగు డెజర్ట్‌లలో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. ప్యాకెట్ మీద పసుపు, ఆకుపచ్చ రంగుల్లో ‘వి’ గుర్తు ఉంటే మాంసం లేదని ధైర్యంగా కొనుక్కోవచ్చు, గుడ్డు మాత్రం ఉండొచ్చు. గుర్తు లేకపోతే వెనక రాసిన పదార్థాలు చదవాలి. ఆ పది పదిహేను జర్మన్ మాటలు విమానం ఎక్కేలోపు మీ అమ్మాయికి నేర్పించండి ఆంటీ. పచ్చళ్ళ డబ్బాలు సర్దడం కంటే ఇది ముఖ్యం.

మీ టాఫెల్‌లో ఎక్స్‌పైరీ దాటిన సరుకును పేదలకు పంచుతారని విన్నాను. అది సేవ ఎలా అవుతుంది?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కర్నూలు

మాస్టారూ, ముందు మా పని ఎలా ఉంటుందో చెప్తాను. పొద్దున్నే మా వ్యాన్ సూపర్‌మార్కెట్లు, బేకరీలు తిరిగి అమ్ముడుపోని సరుకు తెస్తుంది. మేం బల్లల ముందు నిలబడి ఏరుతాం. నారింజ పళ్ళ సంచిలో ఒక్కదానికి బూజు పడితే షాపువాళ్ళు సంచి మొత్తం పక్కన పెట్టేస్తారు. మేం సంచి విప్పి ఆ ఒక్కటీ తీసేస్తాం, మిగతావి నిక్షేపంగా ఉంటాయి. మధ్యాహ్నం పంపిణీ. ఆదాయం తక్కువని కాగితాలు చూపించి కార్డు తీసుకున్నవాళ్ళు వస్తారు, నామమాత్రంగా కొంత డబ్బు ఇచ్చి సరుకు తీసుకెళ్తారు. 1993లో బెర్లిన్‌లో సబీనె వెర్ట్, మరికొందరు మహిళలు, న్యూయార్క్‌లో జరుగుతున్న ఇలాంటి పని గురించి తెలుసుకుని టాఫెల్‌ను మొదలుపెట్టారు. ఇప్పుడు జర్మనీలో 900కు పైగా టాఫెల్ కేంద్రాలు ఉన్నాయి.

ఇక తేదీ సంగతి. అక్కడ ప్యాకెట్ల మీద రెండు రకాల తేదీలు వేస్తారు. ఒకటి, ‘కనీసం ఈ తేదీ దాకా నాణ్యత తగ్గదు’ అని. పెరుగు, పాస్తా, బిస్కెట్ల మీద ఉండేది ఇదే. ఆ రోజు దాటినంత మాత్రాన అది పాడైనట్టు కాదు, చూసి, వాసన చూసి, బాగుంటే ఇస్తాం. రెండోది ఖీమా, పచ్చి చికెన్ లాంటి వాటి మీద ఉంటుంది, ‘ఈ తేదీలోపే వాడాలి’ అని. అది దాటితే మా బల్ల మీదికి రానివ్వం. తినే వస్తువుల పని చేసేవాళ్ళకి ఆరోగ్య శాఖ ఆఫీసు వాళ్ళు ఒక చిన్న క్లాసు పెట్టి, విన్నట్టు కాగితం ఇస్తారు. వాంతులు, విరేచనాలు ఉన్న రోజు పనికి రాకూడదని అందులో మొదటే చెప్తారు. మా ఇంట్లోనైతే తినడానికి పనికిరాదనుకునే సరుకు ఏదీ ఆ బల్ల మీద పెట్టను మాస్టారూ. మా దగ్గర పనిచేసే అందరూ అలాగే చూస్తారు.

అక్కా, అక్కడ తిన్నవాటిలో నీకు బాగా నచ్చింది ఏది? అస్సలు నచ్చనిది ఏది?
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

నచ్చనిది ముందు చెప్పేస్తా చెల్లీ. మా ప్రాంతంలో ‘హాండ్‌కేజె’ అని పులిసిన పాలతో చేసే చీజ్ ఒకటుంది. దాని మీద ఉల్లిపాయ ముక్కలు, వెనిగర్ పోసి ఇస్తారు. ఆ వాసన నాకు పడలేదు. నాకు వద్దని మర్యాదగా చెప్తే ఎవరూ నొచ్చుకోలేదు.

నచ్చినదాని గురించి చెప్పాలంటే ఒక ఆకు గురించి చెప్పాలి. మాతో పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది రిటైరైనవాళ్ళే. వాళ్ళలో రైల్వేలో పనిచేసిన ఒక పెద్దాయన ఊరి చివర చిన్న తోట అద్దెకు తీసుకుని ఆకుకూరలు పెంచుతాడు. వసంతంలో ఒకరోజు ఒక కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాను. చుక్కకూర! ఆకు కాస్త పొడుగు, పులుపు మాత్రం అదే. తర్వాత చూస్తే రెండూ దగ్గరి చుట్టాలైన మొక్కలే. ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల ‘గ్రూనె జోసె’ అని ఆకుపచ్చని చల్లటి సాస్ చేస్తారు. పార్‌స్లీ, చైవ్స్, చెర్విల్, క్రెస్, బర్నెట్, బోరేజ్ అనే ఆకులతో పాటు ఈ పుల్లాకు, మొత్తం ఏడు. అన్నీ సన్నగా తరిగి పుల్లటి మీగడలో, పెరుగులో కలుపుతారు. ఉడికించిన బంగాళాదుంప, కోడిగుడ్డుతో తింటారు. ఈస్టర్ ముందు గురువారం తప్పకుండా చేసుకునే వంట ఇది. మన తిరుపతి లడ్డుకి జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉన్నట్టే ఫ్రాంక్‌ఫర్ట్ గ్రూనె జోసెకి 2016లో యూరోపియన్ యూనియన్ గుర్తింపు వచ్చింది.

ఆ కట్టను చూసి నా పక్కన క్యారెట్లు ఏరుతున్న ఉక్రెయిన్ ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఖార్కివ్‌లో వాళ్ళమ్మ ఇదే ఆకుతో పచ్చ బోర్ష్ అనే పులుసు కాచేదట. ఆ వారం ముగ్గురం మూడు వంటలు చేసుకుని రావాలని అనుకున్నాం. పెద్దాయన సాస్ తెచ్చాడు. ఆవిడ బంగాళాదుంపలు, పుల్లాకు వేసిన పులుసు తెచ్చి, పైన గుడ్డు ముక్కలు, మీగడ వేసి ఇచ్చింది. నేను మైసూరు పప్పులో ఆకు వేసి, పచ్చిమిర్చి తగ్గించి, వెల్లుల్లి, ఎండుమిర్చి, జీలకర్రతో పోపు పెట్టాను. పెద్దాయన పప్పును రై రొట్టె మీద పూసుకుని తిన్నాడు. ఆవిడ పోపు ఎలా పెట్టాలో రెండుసార్లు అడిగి రాసుకుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మంచి హోటళ్ళకు వెళ్ళాను, గ్రూనె జోసె మళ్ళీ తిన్నాను, బాగానే ఉంది. కానీ వాళ్ళ పక్కన నిలబడి పొద్దుటి నుంచి పెట్టెలు మోసి, చేతులు కడుక్కుని కూర్చుని తిన్న ఆ భోజనమే నాకు ఇష్టం. డబ్బు పెట్టి తినేవాళ్ళకి ఎవరూ వాళ్ళమ్మ గురించి చెప్పరు చెల్లీ.

అక్కా, నెల ఖర్చులంటేనే టెన్షన్‌గా ఉంది. మన స్టూడెంట్స్ కూడా టాఫెల్ నుంచి సరుకులు తెచ్చుకోవచ్చా?
– బీటెక్ ఫైనలియర్, కాకినాడ

తమ్ముడూ, ఇది సూటిగా చెప్పాల్సిన విషయం. వీసా కోసం ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992, బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంత మాత్రమే తీసుకోగల ఖాతాలో) చూపించి వస్తాం. ఆ డబ్బు వస్తున్నంతకాలం ఆ వరుసలో నిలబడకూడదని నా గట్టి అభిప్రాయం. అక్కడికి వచ్చేది పింఛను చాలని ముసలివాళ్ళు, పిల్లల్ని ఒంటరిగా పెంచుకుంటున్న తల్లులు, యుద్ధం వల్ల ఇల్లు వదిలేసి వచ్చినవాళ్ళు. సాయంత్రానికి కూరగాయలు అయిపోయి చివరివాళ్ళు రొట్టెలతోనే వెళ్ళిన రోజులు చూశాను.

ఖర్చు తగ్గించుకోవాలంటే ‘ఫుడ్‌షేరింగ్’ ఉంది. 2012లో మొదలైంది. తిండి పారేయకూడదన్నదే దాని ఉద్దేశం, ఆదాయం ఎంతని అడగరు. చాలా ఊళ్ళలో వీళ్ళ ఫ్రిజ్‌లు ఉంటాయి, ఎవరైనా పెట్టొచ్చు, ఎవరైనా తీసుకోవచ్చు. అంతకు మించి నిజంగా ఇబ్బంది వస్తే, ఇంట్లో సంపాదించే మనిషి పోయినా, ఇంకేదైనా జరిగినా, సిగ్గుపడి పస్తులుండొద్దు. యూనివర్సిటీ విద్యార్థి సేవల సంస్థలో సలహాదారులు ఉంటారు, వెళ్ళి మాట్లాడు. టాఫెల్ తలుపు కూడా అప్పుడు తట్టొచ్చు.

నా జర్మన్ ఏ2 (ప్రాథమిక స్థాయి) వరకే. సేవకు తీసుకుంటారా? విద్యార్థులకు పార్ట్‌టైమ్ పనికి ఉన్న రోజుల పరిమితిలో ఇది కూడా లెక్కకొస్తుందా?
– ఎమ్మెస్‌కు సిద్ధమవుతున్న విద్యార్థి, నిజామాబాద్

ఏ2 చాలు. కూరగాయల పేర్లు, అంకెలు వస్తే మిగతాది వాళ్ళే నేర్పుతారు. ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు అన్న పరిమితి జీతం తీసుకునే పనికి, సేవకు కాదు. అయినా మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు ఒక మెయిల్ రాసి, జవాబు దాచుకోండి. సేవ చేసినట్టు సర్టిఫికెట్ అడిగితే టాఫెల్ వాళ్ళు ఇస్తారు.

వాళ్ళకి మనుషులు కావాల్సింది పనిరోజుల్లో పొద్దుటిపూట. అందుకే టైమ్‌టేబుల్ వచ్చాక, ఖాళీగా ఉండే పూట చూసుకునే మాటివ్వండి. పరీక్షలుంటే రెండు వారాల ముందే చెప్పండి. చెప్పకుండా మానేస్తే వ్యాన్‌లో వచ్చిన పెట్టెలన్నీ డెబ్బై ఏళ్ళవాళ్ళు దించుకోవాల్సి వస్తుంది.