ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి హైదరాబాద్ శివారు ఇంజినీరింగ్ కాలేజీలో కౌన్సెలర్‌గా చేరాను. మనసు బాగోలేని పిల్లలకు నిజంగా ఉపయోగపడాలంటే ఏం చేయాలి?

ముందు మీ గది ఎక్కడ ఇచ్చారో చూసుకోండి. ప్రిన్సిపాల్ ఆఫీసు పక్కనో, హెచ్‌వోడీల వరసలోనో అయితే పిల్లలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతారు. లైబ్రరీ వైపో, స్కాలర్‌షిప్ సెక్షన్ దగ్గరో అడగండి. అటు వెళ్తే ఎవరూ ఎందుకని అడగరు.

‘డిప్రెషన్’ అంటూ వచ్చేవాళ్లు తక్కువ. నిద్ర పట్టట్లేదు, చదివింది బుర్రకెక్కట్లేదు, మెస్‌లో ముద్ద దిగట్లేదు అంటారు. చాలామంది అటెండెన్స్ తగ్గి కండోనేషన్ (తక్కువ హాజరుకు మినహాయింపు) కోసం వస్తారు. ఆ కాగితమే మీకు తలుపు. జేఎన్‌టీయూహెచ్ యూనివర్సిటీ కాలేజీల్లో 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే అనారోగ్యంలాంటి కారణం చూపి కండోనేషన్ తెచ్చుకోవచ్చు, 65 దిగితే డిటెన్షనే. కాబట్టి డాక్టరుకు చూపించిన వారంలోనే సర్టిఫికెట్ తెప్పించి ఆఫీసులో ఇప్పించండి. లేకపోతే సెమిస్టర్ చివర్లో తేదీలు కుదరక నానా తిప్పలూ పడతారు. సర్టిఫికెట్‌లో జబ్బు పేరు వివరంగా రాయించాల్సిన పని లేదు, చికిత్సలో ఉన్నారని, విశ్రాంతి కావాలని ఉంటే చాలు. అటెండెన్స్, ఫీజు, బ్యాక్‌లాగ్స్ చిక్కు విప్పకుండా గంటలకొద్దీ మాట్లాడి లాభం లేదన్నది నా అభిప్రాయం.

మొదటి రోజే గోప్యత హద్దు చెప్పేయండి: ‘నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. ప్రాణాపాయం అనిపిస్తే మాత్రం దాచలేను, ఎవరికి చెప్పాలో నీతో మాట్లాడే చెప్తాను.’ తర్వాత డిప్రెషన్ ఎంతుందో అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి చేయించండి. గత రెండు వారాల గురించి 9 ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే సైకియాట్రిస్టు దగ్గరికి పంపడం మంచిది. మొత్తం 6 వచ్చిందని ఊరుకోకండి, చావు, తనను తాను గాయపరచుకునే ఆలోచనల గురించిన తొమ్మిదో ప్రశ్న విడిగా చూడండి. అక్కడ సున్నా కాకపోతే సూటిగా అడగాలి: ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందనే భయం వద్దు. ఎన్ని రోజులుగా, ఎలా అని అనుకున్నావా, అందుకు కావలసింది దగ్గరుందా, ఇంతకుముందు ప్రయత్నించావా, ఇప్పటిదాకా ఏది ఆపింది, ఇవన్నీ అడగండి.

‘అలాంటి పని చేయనని ఒట్టెయ్’ అనకండి. ఒట్టు వేశాక ఆలోచన మళ్లీ వస్తే మీకు చెప్పడానికి మొహం చెల్లదు. దానికి బదులు ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద, ఆ పిల్లల మాటల్లోనే రాయండి: దిగులు ముదిరేముందు ఏం కనిపిస్తుంది, ఒంటరిగా ఉన్నప్పుడు ఏం చేస్తే కాస్త తగ్గుతుంది, ఎవరి దగ్గర కూర్చుంటే ధ్యాస మళ్లుతుంది, ఎవరికి విషయం చెప్పగలరు, ఏ డాక్టరుకో హెల్ప్‌లైన్‌కో ఫోన్ చేయాలి, గదిలోంచి ఏవి తీసేయాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416 మీ ఎదుటే ఫోన్‌లో సేవ్ చేయించండి. అది 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

ప్రమాదం దగ్గర్లో ఉందనిపిస్తే ఆ క్షణం నుంచి ఒంటరిగా వదలకూడదు, బాత్రూమ్‌కి వెళ్లినా బయట ఒకరుండాలి. పోలీసు కేసు భయంతో కొన్ని కాలేజీలు రాత్రి బస్సెక్కించి ఊరికి పంపేస్తాయి, అంతకంటే ప్రమాదం లేదు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, చికిత్స అందించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెప్తోంది. ఆ పేజీ ప్రింటు తీసి వార్డెన్‌కు ఇవ్వండి.

ఇంటికి ఎవరికి ముందు చెప్పాలో పిల్లలనే అడగండి. తరచూ అమ్మో నాన్నో కాదు, అక్కో మేనమామో అంటారు. ఫోన్‌లో జబ్బు పేరు చెప్తే ‘మావాడికి పిచ్చా?’ అనో, ‘ఏ లోటు చేశామండీ?’ అనో మొదలవుతుంది. ‘నెల రోజులుగా నిద్ర లేదు, తిండి తగ్గింది, డాక్టరుకు చూపిద్దాం రండి’ అంటే వస్తారు. సెలవుల్లో ఇంటికి వెళ్తుంటే పొలం మందులు తాళంలో పెట్టమని, మాత్రలు పెద్దవాళ్ల దగ్గరే ఉంచుకోమని విడమరిచి చెప్పాలి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తితే మనవాళ్లకు అదో తిట్టు. అక్కడి వైద్యం వద్దని కాదు, మొదటిసారి గాంధీలోనో ఉస్మానియాలోనో సైకియాట్రీ ఓపీ అంటే వెళ్లడానికి సులువుగా ఒప్పుకుంటారు.

మందులు మొదలయ్యాక ఏడో రోజున మీరే పలకరించండి. డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి సాధారణంగా రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. కడుపులో తిప్పడం లాంటివి మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. అందుకే ‘పనిచేయట్లేదు’ అని మానేస్తారు. ఈ వయసువాళ్లలో తొలి వారాల్లో అసహనం, చావు ఆలోచనలు పెరిగితే వెంటనే డాక్టరుకు చెప్పాలి. బాగుందని తమంతట తాము హఠాత్తుగా ఆపేయకూడదు.

ఇంకో సంగతి, అడ్మిషన్ల సీజన్‌లో మిమ్మల్ని ఫోన్లు చేయడానికి కూర్చోబెడతారు. విశాఖలో నీట్ విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పు దగ్గర పెట్టుకోండి. 100 మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలని అందులో ఉంది. ఫలితాలొచ్చే సాయంత్రం మీరు ఉండాల్సింది హాస్టల్ దగ్గర, ఫోన్ల బల్ల దగ్గర కాదు.