బూడిదిచ్చేవాణ్ణి ఏమడగాలి?

ప్రశ్న: 'సిరివెన్నెల' చిత్రంలోని 'ఆది భిక్షువు వాడినేది కోరేది' పాటను మా నాన్నగారు పూజ గదిలో పాడుకుంటారు. నాకు మాత్రం అందులో శివుణ్ణి ఎత్తిపొడవడమే వినిపిస్తుంది. దీన్ని భక్తిగీతం అనవచ్చా?

జవాబు: నిస్సందేహంగా అనవచ్చు. మీరు విన్న ఎత్తిపొడుపు నిజమే. తిడుతున్నట్టే పొగిడే ఈ తీరుకు మన సాహిత్యంలో నిందాస్తుతి అని పేరు. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకాన్ని ఆ పద్ధతిలోనే నడిపించాడు. నగలు చేయించి చెరసాల పాలైన రామదాసు 'ఎవరబ్బ సొమ్మని' రాముణ్ణి నిలదీశాడని ఆయన భక్తిని ఎవరూ శంకించరు. చనువు లేనివాణ్ణి అలా అడగలేము కదా.

1986లో వచ్చిన ఈ కె. విశ్వనాథ్ చిత్రం పేరే ఈ పాట రాసిన చేంబోలు సీతారామశాస్త్రి గారికి ఇంటిపేరయింది. ఆయన ఫిర్యాదులను ఎలా పేర్చారో చూడండి. తీయగా పాడే కోకిలకు నలుపు, కరకుగా గర్జించే మేఘానికి మెరుపు. తేనెలొలికే పువ్వుకు మూణ్ణాళ్ల ఆయువు, బండరాతికి చిరాయువు. కథానాయకుడు చూపులేని వేణుగాన విద్వాంసుడని, నాయిక మాట రాని చిత్రకారిణి అని గుర్తుంచుకుని వింటే ఇవి వట్టి అలంకారాలుగా తోచవు. ఆ తరువాత కవి పురాణం వైపు తిరిగి, గిరిబాలతో తనకు పెళ్లి జరిపించబోయిన మన్మథుణ్ణి మసిచేసినవాడు, లోకాలను పీడించే దనుజులను మాత్రం కరుణించాడంటాడు. అర్హతను బట్టి పంచే లెక్క శివుడి దగ్గర లేదన్నది ఆరోపణ. అయితే ఆ ఆరోపణ ప్రతిసారీ 'ఏది కోరేది' అన్న మాట దగ్గరికే వచ్చి ఆగుతుంది. అక్కడికి వచ్చేసరికి తిట్టేవాడి చేతిలో కోరికల జాబితా మిగలదు. ఈ పాటలోని ఆధ్యాత్మికత నాకు ఆ చోటే కనిపిస్తుంది.

పల్లవిలో 'బూడిదిచ్చేవాడినేది అడిగేది' అన్నచోట 'బూడిద' అన్న మాటను కూడా కాస్త ఆగి చూడండి. వాడుకలో బూడిద అంటే దేనికీ కొరగానిది. వృథా అయిన శ్రమను 'బూడిదలో పోసిన పన్నీరు' అంటాము. దాన్నే శివాలయంలో విభూతి అని కళ్లకద్దుకుని నుదుట ధరిస్తాము, విభూతికి ఐశ్వర్యమనే అర్థమూ ఉంది. కాశీలో అన్నపూర్ణ ఎదుట భిక్షకు నిలిచిన దేవుడు, తనకంటూ ఏదీ దాచుకోనివాడు, తాను ఒంటికి పూసుకునేదాన్నే మనకూ ఇస్తున్నాడు. మీ నాన్నగారు విభూతి పెట్టుకున్నాకే ఈ పాట అందుకుంటారేమో గమనించండి.

ప్రశ్న: 'చక్రం' (2005) చిత్రంలో సీతారామశాస్త్రి గారే 'జగమంత కుటుంబం నాది, ఏకాకి జీవితం నాది' అన్నారు. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగుతాయా?

జవాబు: 'ఏకాకి' అన్న మాట బృహదారణ్యకోపనిషత్తు మొదటి అధ్యాయంలోనే ఉంది. ఆదిలో ఆత్మ ఒక్కటే ఉండి, ఒంటరితనంలో ఆనందం లేక రెండవదాన్ని కోరిందని, అందులోంచి సృష్టి విస్తరించిందని అక్కడి కథ. అంటే జగమంతా ఆ ఏకాకి కుటుంబమే. శాస్త్రిగారు ఉపనిషత్తును అనువదించారని నేను అనడం లేదు. కానీ సంసార సాగరమూ సన్యాసమూ రెండూ తనవేనని ఆ వెంటనే అనిపించడంలో, ఒకదాన్ని విడిచి మరొకదాన్ని ఎంచుకునే ఉద్దేశం కవికి లేదని తెలుస్తుంది. 'నాది' అన్న మాట రెండు చోట్లా ఒకే బరువుతో పడుతుంది. కుటుంబం దగ్గర గర్వంగా, ఏకాకి దగ్గర దీనంగా గొంతు మార్చి పాడితే ఆ పల్లవి రెండుగా విరిగిపోతుంది.